బండలు పోయె.. టైల్స్ వచ్చె

గద్వాల జిల్లాలోని మల్దకల్‌లో పాత మిద్దె ఇంట్లోకి ఎండనపడి వచ్చినవాళ్లు చెప్పులు విడిచి బండ మీద కాలు పెట్టగానే ఒక్క నిమిషం అక్కడే నిలబడిపోతారు. బయట మే నెల నిప్పులు చెరుగుతుంటే లోపల అరికాళ్లకు చల్లగా తగులుతుంది. కృష్ణా, తుంగభద్రల నడుమ ఉన్న ఈ నడిగడ్డలో తరాలుగా ఇంటి నేల అంటే బండపరుపే. కర్నూలు వైపు బేతంచెర్ల నుంచి, ఉత్తరాన తాండూరు నుంచి, సరిహద్దు దాటితే కర్ణాటకలోని షాబాద్ నుంచి వచ్చిన సున్నపురాతి పలకలు అవి. ఏ బండైనా కుంగితే గడ్డపారతో లేపి, కింద ఇంత మట్టి సర్ది, మళ్లీ పరిచేవాళ్లు. పని అయిపోయేది.

ఇప్పుడు కడుతున్న ఇళ్లలో బండ వాకిలికి, మెట్లకే పరిమితమైంది. లోపలంతా టైల్సే. గృహప్రవేశానికి వచ్చిన చుట్టాలు దేవుడి గది కన్నా ముందు నేలనే చూస్తారు. అద్దంలా మెరిసే ఆ నేలను చూసి ఇంటివాళ్ల కళ్లు కూడా మెరుస్తాయి.

రెండేళ్లు తిరక్కుండానే కొన్ని ఇళ్లలో మరో మాట వినబడుతుంది. హాలు మధ్యలో టైలు లేచిందని, నడుస్తుంటే కింద డొల్ల మోగుతోందని, బాత్రూంలో నీళ్లు మూలకే నిలుస్తున్నాయని, నాయనమ్మ జారిపడిందని. వీటిలో కంపెనీ తప్పు అరుదు. గదికి తగని టైలు ఎంచుకోవడం, కింద పరుపు గట్టిగా లేకపోవడం, టైలుకూ టైలుకూ మధ్య సందు వదలకపోవడం.. చాలావరకు ఈ మూడే కారణాలు. బండను లేపి సర్దినట్టు టైలును లేపి సర్దలేం. అందుకే ఒక్కసారే సరిగ్గా వేయించుకోవాలి.

కుండ, జాడీ, టైలు

దుకాణానికి వెళితే సిరామిక్, విట్రిఫైడ్, పోర్సిలిన్, డబల్ చార్జ్, జీవీటీ, పీజీవీటీ అని ఊపిరాడనివ్వకుండా పేర్లు చెబుతారు. ఈ తేడాలన్నీ మన వంటింట్లోనే ఉన్నాయి. మట్టి కుండలో నీళ్లు పోస్తే బయటికి చెమరుస్తుంది. కుండ నిండా కంటికి కనబడని రంధ్రాలు ఉంటాయి కాబట్టే నీళ్లు చల్లబడతాయి. ఆవకాయ పెట్టే పింగాణీ జాడీ అలా కాదు. ఏడాదంతా ఉప్పూ నూనే నానినా చుక్క బయటికి రాదు. రెండూ మట్టితో చేసినవే. మట్టి కలయికలోనూ, కాల్చిన వేడిలోనూ తేడా.

గోడకు వేసే మామూలు సిరామిక్ టైలు కుండ వైపు బంధువు. పైన గాజు పూత ఉన్నా లోపలి మట్టి నీళ్లు పీలుస్తుంది. విట్రిఫైడ్ టైలు జాడీ వైపు బంధువు. బంకమట్టి, ఫెల్డ్‌స్పార్, క్వార్ట్జ్ కలిపి, భారీ ప్రెస్సులో అదిమి, దాదాపు 1200 డిగ్రీల వేడిలో కాలిస్తే మట్టి సగం గాజులా మారి రంధ్రాలు మూసుకుపోతాయి. అంతర్జాతీయ ప్రమాణాల ప్రకారం టైలు తన బరువులో 0.5 శాతానికి మించి నీళ్లు పీల్చకపోతేనే అది పోర్సిలిన్ వర్గంలోకి వస్తుంది. గోడ టైల్స్ 10 శాతానికి పైగా పీలుస్తాయి. మన దేశంలో ఈ వర్గాలను చెప్పే ప్రమాణం ఐఎస్ 15622. డబ్బా మీద ఆ నంబరు ఉందో లేదో చూడాలి.

దుకాణంలోనే ఒక పరీక్ష చేయవచ్చు. టైలును వెనక్కి తిప్పి, పూత లేని వైపు నాలుగు చుక్కల నీళ్లు వేసి చూడండి. రెండు నిమిషాల్లో చుక్క ఇంకిపోయి తడి మచ్చ పరుచుకుంటే అది నీళ్లు పీల్చే రకం. చుక్క గుండ్రంగా అలాగే నిలబడి, గుడ్డతో తుడిస్తే పొడిగా వచ్చేస్తే విట్రిఫైడ్ రకం. పేరు ఏం చెప్పినా టైలు వీపు నిజం చెబుతుంది.

పూత పూసిన పలక మనకు కొత్తదేమీ కాదు. హైదరాబాద్ పాతబస్తీలో మహమ్మద్ కులీ కుతుబ్‌షా కట్టించిన బాద్‌షాహీ అశూర్‌ఖానా గోడల మీద నాలుగు వందల ఏళ్ల నాటి రంగు పలకలు ఈనాటికీ పసుపు, నీలం రంగుల్లో వెలుగుతున్నాయి. కింది భాగంలోని పలకలను మాత్రం 1908 మూసీ వరద దెబ్బతీసింది. ఇప్పుడు దేశంలో తయారయ్యే టైల్స్‌లో సింహభాగం గుజరాత్‌లోని మోర్బీ చుట్టుపక్కల ఫ్యాక్టరీలదే. ఉత్పత్తిలో చైనా తరువాతి స్థానం భారతదేశానిది. తెలుగు నేల మీద సామర్లకోటలో ఆర్ఏకే సిరామిక్స్ ఫ్యాక్టరీ ఉంది. తెలుగువాళ్లు ఎక్కువగా ఉండే యానాంలోని రీజెన్సీ సిరామిక్స్ ఒకప్పుడు ఇంటింటికీ తెలిసిన పేరు. 2012 జనవరిలో కార్మికుల ఆందోళన హింసగా మారాక ఆ ఫ్యాక్టరీ మూతపడింది. మోర్బీ టైలు గద్వాల చేరాలంటే లారీలో వెయ్యి కిలోమీటర్లకు పైగా ప్రయాణించాలి. దారిలో అంచులు రాలడం మామూలే కాబట్టి, దించుకునేటప్పుడే డబ్బా డబ్బా చూసుకోవాలి.

ఎర్రమట్టి కాళ్లకు ఏ టైలు?

నడిగడ్డ ఇల్లు అంటే చాలావరకు రైతు ఇల్లే. పత్తి విత్తనాల సాగుకు పేరున్న ప్రాంతం ఇది. చేను నుంచి వచ్చిన కాళ్లతో, చెప్పులతో, బస్తాలతో ఇసుక లోపలికి వస్తుంది. ఇసుకలోని క్వార్ట్జ్ రేణువు మోస్ కాఠిన్య కొలతలో 7. టైలు మీది గాజు పూత చాలావరకు 5, 6 దగ్గరే ఉంటుంది. అంటే ప్రతి అడుగుతోనూ ఇసుక ఆ పూతను గీస్తూనే ఉంటుంది. పాలరాయిలా తళతళలాడే పాలిష్ జీవీటీ (పూత వేసిన విట్రిఫైడ్) రకాలు కొన్నాళ్లకు తలుపు దగ్గర మసకబారడానికి కారణం ఇదే.

జనం ఎక్కువ తిరిగే హాలుకు, బస్తాలు దించే వరండాకు డబల్ చార్జ్ టైలు నయం. దీనిలో రంగు పైపూత కాదు. రెండు రకాల మట్టి పొడిని రెండు పొరలుగా పోసి ఒకేసారి అదుముతారు. రంగు పొరే మూడు నాలుగు మిల్లీమీటర్ల మందం ఉంటుంది. గీత పడినా కింద తెల్లటి మట్టి బయటపడదు. డిజైన్లు తక్కువ, ఆయుష్షు ఎక్కువ. పడకగదికి జీవీటీ బాగానే పనికొస్తుంది. పూత ఉన్న టైల్స్ అరుగుదలకు పీఈఐ అని 0 నుంచి 5 వరకు తరగతులు ఉంటాయి. నేల మీదికి 3కు తగ్గకుండా, హాలుకు 4 తీసుకోవాలి.

బాత్రూం, వాష్ ఏరియా, మెట్లు, వాకిలి.. నీళ్లు పడే ఈ నాలుగు చోట్లా మెరుపు వద్దే వద్దు. జారకుండా పట్టు ఇచ్చే గుణాన్ని ఆర్9 నుంచి ఆర్13 వరకు కొలుస్తారు. అంకె పెరిగేకొద్దీ పట్టు పెరుగుతుంది. బాత్రూంకు ఆర్10, వానకు తడిసే వాకిలికి ఆర్11 అడగండి. అంకె చెప్పలేని దుకాణంలో టైలు మీద నీళ్లు చల్లి, అరికాలు పెట్టి రుద్ది చూడండి. ఇంట్లో పెద్దవాళ్లుంటే వాళ్లనే తీసుకెళ్లి కాలు పెట్టించడం ఇంకా మంచిది. తుంటి ఎముక విరిగితే అయ్యే ఖర్చు ముందు టైల్స్ ఖర్చు ఏపాటిది!

గోడ టైలును మాత్రం నేలకు వాడకూడదు. అది పలుచన, నీళ్లు పీలుస్తుంది, బరువు పడితే పగులుతుంది. నేల టైలును గోడకు వేయవచ్చు కానీ బరువెక్కువ కాబట్టి అంటించే పద్ధతి మారాలి.

పన్నెండు బై పది గది లెక్క

టూ బై టూ అని అడిగి తెచ్చుకునే టైలు నిజానికి రెండడుగులు ఉండదు. దాని కొలత 600 మిల్లీమీటర్లు. రెండడుగులంటే 609.6. ఈ పది మిల్లీమీటర్ల తేడా చిన్నదే అనిపిస్తుంది కానీ గోడ దగ్గరికి వచ్చేసరికి బయటపడుతుంది.

గది లోపలి కొలత సరిగ్గా పన్నెండు అడుగుల పొడవు, పది అడుగుల వెడల్పు అనుకుందాం. పన్నెండు అడుగులంటే 3657 మిల్లీమీటర్లు. ఆరు టైల్స్, మధ్యలో రెండేసి మిల్లీమీటర్ల సందులు కలిపితే 3610. గోడ పక్కన 47 మిల్లీమీటర్ల సన్నపట్టీ మిగులుతుంది. పది అడుగుల వైపు అయిదు టైల్స్ పోగా దాదాపు 40 మిల్లీమీటర్లు. ఆ పట్టీలను బీరువా వచ్చే గోడ పక్కకు నెట్టేస్తే గోడల అడుగున అతికించే స్కిర్టింగు పట్టీతో కలిపి పది డబ్బాల్లో పని అయిపోతుంది. అలా కాకుండా మధ్య నుంచి మొదలుపెట్టి నాలుగు గోడల దగ్గరా సమానంగా 32 సెంటీమీటర్ల ముక్కలు వచ్చేట్టు వేయిస్తే గది చూడముచ్చటగా ఉంటుంది. కానీ టైల్స్ 42 పడతాయి. డబ్బాకు నాలుగు కాబట్టి పదకొండు డబ్బాలు. స్కిర్టింగు మాత్రం కోసిన ముక్కల్లోంచే వచ్చేస్తుంది.

ఏది కావాలన్నది ఇంటివాళ్ల ఇష్టం. అయితే డబ్బు కట్టకముందే మేస్త్రితో కూర్చుని కాగితం మీద గీసుకోవాలి. వైశాల్యానికి పదిశాతం కలిపి తెచ్చేస్తే చాలదు. ఒక్క డబ్బా తక్కువపడి వారం తరువాత మళ్లీ వెళితే అదే రంగు దొరుకుతుందన్న నమ్మకం లేదు. ఒకే డిజైన్ అయినా కొలిమి మారితే, రోజు మారితే రంగులో తేడా వస్తుంది. అందుకే డబ్బాల మీద బ్యాచ్ నంబరు, షేడ్ నంబరు ముద్రిస్తారు. ఇంట్లోకి వచ్చే ప్రతి డబ్బా మీదా ఆ రెండూ ఒక్కటే అయి ఉండాలి. రెండు టైల్స్‌ను ముఖాముఖిగా పెట్టి చూస్తే ఒంపు తెలుస్తుంది. మధ్యలో వెలుతురు కనబడితే ఆ టైలు వంగినట్టే. టైల్స్ మీద 18 శాతం జీఎస్టీ ఉంది. బిల్లు తీసుకుంటేనే తేడా వచ్చినప్పుడు అడిగే హక్కు మిగులుతుంది.

కింద గట్టిగా, మధ్య సందుతో

ఇందిరమ్మ ఇళ్ల పథకంలో ఇల్లు కనీసం 400 చదరపు అడుగులు ఉండాలి, ప్రభుత్వ సాయం 5 లక్షలు. అలాంటి ఇంట్లో ప్రతి రూపాయికీ లెక్క ఉంటుంది. ఆ లెక్కలో టైలు రకాన్ని ఒక మెట్టు తగ్గించుకున్నా ఫరవాలేదు. కింది పరుపును మాత్రం తగ్గించకూడదు.

బేస్‌మెంటులో పోసిన మొరాన్ని అడుగు మందం లోపు పొరలుగా వేసి, నీళ్లు పట్టించి, దిమ్మిసతో కుదించాలి. ఒక్కసారే ట్రాక్టర్లతో నింపి పైన కాంక్రీటు పోసేస్తే మొదటి వానాకాలంలోనే లోపల కుంగుతుంది. దాంతో కాంక్రీటుకూ మొరానికీ మధ్య ఖాళీ ఏర్పడుతుంది. నల్లరేగడి నేలల్లో ఈ బెడద ఇంకా ఎక్కువ. ఆ మట్టి తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే కుంచించుకుపోతుంది. బేస్‌మెంటు నింపడానికి దాన్ని వాడకూడదు.

ఇక అంటించడం. పాత పద్ధతిలో సిమెంటు మాలు పరిచి, పైన సిమెంటు పాలు పోసి టైలు పెట్టి రబ్బరు సుత్తితో కొడతారు. నీళ్లు పీల్చే సిరామిక్ టైలును ముందుగా నీళ్లలో నానబెడితే ఈ పద్ధతి బాగానే పనిచేస్తుంది. సిమెంటు పాలు దాని రంధ్రాల్లోకి దిగి పట్టుకుంటాయి. విట్రిఫైడ్ టైలుకు రంధ్రాలే లేవు. జాడీకి సిమెంటు పూస్తే ఎంతసేపు ఉంటుందో దానికీ అంతే. అందుకే పాలిమర్ కలిపిన టైల్ అడ్హెసివ్ వచ్చింది. దీనికి ఐఎస్ 15477 ప్రమాణం ఉంది. నేల చదునుగా ఉండాలి, అడ్హెసివ్‌ను పళ్ల తాపీతో ఒకే దిశలో చాళ్లు తీసినట్టు పరచాలి, టైలు పెట్టి కాస్త అటూ ఇటూ జరుపుతూ నొక్కాలి. నాలుగు మూలలా నాలుగు ముద్దలు, మధ్యలో ఒక ముద్ద పెట్టి టైలు అతికించే పని ఎక్కడ కనబడినా అక్కడే ఆపించాలి. ముద్దల మధ్య ఖాళీ మిగులుతుంది. ఆ ఖాళీ మీద మంచం కోడు పడిన రోజున టైలు పగులుతుంది.

సందు గురించి ఇంటివాళ్లకూ మేస్త్రికీ మధ్య వాదన ఎప్పుడూ ఉండేదే. గీత కనబడకుండా అతుకు మీద అతుకు వేయమంటారు ఇంటివాళ్లు. వేడికి టైలు సాగుతుంది. ఇరవై అడుగుల హాలులో ఉష్ణోగ్రత 30 డిగ్రీలు మారితే టైల్స్ వరుస ఒక మిల్లీమీటరుకు పైగా పెరుగుతుంది. కింది కాంక్రీటు ఆరేకొద్దీ కుంచించుకుపోతుంది. పైది సాగుతూ కిందిది కుదించుకుంటుంటే, జరగడానికి చోటు లేని టైల్స్ ఒకదానినొకటి తోసుకుని డేరాలా పైకి లేస్తాయి. ఒక్కోసారి అర్ధరాత్రి పెద్ద చప్పుడుతో లేచి ఇంటిల్లిపాదినీ భయపెడతాయి. నూలు ఒంటికి పట్టు అంచు కలిపే గద్వాల నేతగాడికి ఈ సంగతి వేరే చెప్పనక్కర్లేదు. రెండు వేర్వేరు గుణాల పోగులు కలిసేచోట ఎంత ఓపిగ్గా ముడి కలపాలో ఆ చీర నేసినవాళ్లకే తెలుసు. టైల్స్ మధ్య రెండు మూడు మిల్లీమీటర్ల స్పేసర్లు పెట్టాలి. గోడ అంచున 5 మిల్లీమీటర్లు వదిలి సిమెంటుతో నింపకుండా ఉంచాలి. స్కిర్టింగు వచ్చాక ఆ ఖాళీ ఎవరికీ కనబడదు.

పని పూర్తయ్యాక మర్నాడు రూపాయి బిళ్ల పట్టుకుని ప్రతి టైలు నాలుగు మూలలా, మధ్యలో తట్టాలి. గట్టిగా మోగితే కింద నిండుగా ఉన్నట్టు. డొల్లగా మోగితే చాక్‌పీసుతో గుర్తు పెట్టి, సందుల్లో గ్రౌట్ నింపకముందే తీయించి మళ్లీ వేయించాలి. గ్రౌట్ నింపడానికి కనీసం 24 గంటలు ఆగాలి. వంటింట్లో, బాత్రూంలో మరకలు పట్టని ఎపాక్సీ గ్రౌట్ వేయిస్తే ఖర్చు ఎక్కువైనా ఏళ్ల తరబడి నల్లబడదు.

నీళ్లు ఎటు పోతాయి?

బాత్రూంలో టైలు నీళ్లను ఆపుతుందని అనుకోవడం పొరపాటు. నీళ్లు సందుల్లోంచి కిందికి దిగుతూనే ఉంటాయి. ఆపాల్సింది టైలు కింద వేసే వాటర్‌ప్రూఫింగ్ పూత. అది వేశాక నహానీ ట్రాప్ మూసి, నాలుగు వేళ్ల లోతు నీళ్లు నింపి, కనీసం ఒక పగలూ ఒక రాత్రీ ఉంచి, కింది గోడల్లో చెమ్మ రాలేదని చూసుకున్నాకే టైలు పని మొదలుపెట్టాలి.

వాలు అడుగుకు కనీసం 3 మిల్లీమీటర్లు. ఆరడుగుల బాత్రూంలో ఒక చివరి నుంచి మరో చివరన ఉన్న ట్రాప్ దాకా 18 మిల్లీమీటర్లు దిగాలి. పెద్ద టైలుతో ఈ వాలు కుదరదు. అందుకే బాత్రూం నేలకు ఒన్ బై ఒన్ టైలు మేలు. మేస్త్రికి కూలి ఇచ్చే ముందు ఒక చెంబు నీళ్లు మూలన కుమ్మరించి అవి తామంతట తాము ట్రాప్ దాకా వెళ్తున్నాయో లేదో చూడండి.

బోరునీళ్లతో పట్టే తెల్లమరకలు పోవడానికి యాసిడ్ పోసే అలవాటు చాలా ఇళ్లలో ఉంది. టైలుకు పెద్దగా ఏమీ కాదు కానీ సిమెంటు గ్రౌట్ కరిగి సందులు తెరుచుకుంటాయి. ఆ పొగ ఊపిరితిత్తులకూ చేటు. వారానికోసారి రుద్ది, వెంటనే మంచినీళ్లతో కడిగితే మరక ముదరదు.

మిద్దె మీదికీ ఎక్కిన టైలు

వేసవిలో ఒంటి అంతస్తు ఇంటికి వేడి పైకప్పు నుంచే దిగుతుంది. తెలంగాణ ప్రభుత్వం 2023లో కూల్ రూఫ్ విధానం తెచ్చింది. ప్రభుత్వ, వాణిజ్య భవనాలతో పాటు 600 చదరపు గజాలు, అంతకు మించిన స్థలాల్లోని ఇళ్లకు ఇది తప్పనిసరి. చిన్న ఇళ్లవాళ్లు ఇష్టమైతే వేసుకోవచ్చు. తెల్లని, గరుకైన టైల్స్ స్లాబు మీద పరిస్తే ఎండలో ఎక్కువ భాగం తిరిగి ఆకాశంలోకే వెళ్లిపోతుంది. ఇక్కడ సందు ఇంకా పెద్దదిగా ఉండాలి. పగటి ఎండకూ రాత్రి చలికీ స్లాబు మీది టైలు పడే ఒత్తిడి లోపలి టైలు కన్నా ఎన్నో రెట్లు ఎక్కువ. పది పన్నెండు అడుగులకొకసారి సిమెంటుకు బదులు సాగే సీలెంటు నింపిన సందు ఉండాలి.

ఈ పనంతా చేసే మనిషిని మరిచిపోకూడదు. మిషన్‌తో పొడిగా టైలు కోస్తుంటే లేచే తెల్లటి దుమ్ములో సిలికా ఉంటుంది. ఏళ్ల తరబడి పీలిస్తే సిలికోసిస్ వస్తుంది, దానికి మందు లేదు. కోసేచోట నీళ్లు ధార కట్టించడం, మేస్త్రికి ముక్కుకు మంచి మాస్కు కొనివ్వడం ఇల్లు కట్టుకునేవాళ్ల బాధ్యత. తలుపులు మూసిన గదిలో కాకుండా బయట వాకిట్లో కోయించండి.

బండలు పనికిరావని ఇదంతా చెప్పడం కాదు. వాకిలికి, పశువుల కొట్టానికి, మెట్లకు బేతంచెర్ల బండ ఇప్పటికీ తిరుగులేనిది. ఇంటి లోపల టైలు వేసుకుని బయట బండ పరుచుకున్న ఇళ్లు రెండింటి మేలూ పొందుతాయి.

పని అయిపోయాక మిగిలిన టైల్స్ పారేయకండి, ఎవరికీ ఇచ్చేయకండి. గదికి నాలుగు చొప్పున డబ్బాలో పెట్టి, పైన గది పేరు, బ్యాచ్ నంబరు, షేడ్ నంబరు పెద్ద అక్షరాలతో రాసి అటక మీద దాచండి. పదేళ్ల తరువాత ఒక టైలు పగిలితే అదే రంగు మరెక్కడా దొరకదు.